జువాసిల నేల, జాన్ మార్షల్ కెమెరా

డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ టీవీ ముందు కూర్చుని 'ద గాడ్స్ మస్ట్ బి క్రేజీ' సినిమా చూసి మేమంతా పడీ పడీ నవ్వాం. విమానంలోంచి కోక్ సీసా ఒకటి కలహారి ఎడారిలో పడుతుంది. దాన్ని ఎన్నడూ చూడని అడవి మనుషులు దేవుడు పంపాడనుకుంటారు. చివరికి దానితో గొడవలు పెరిగి, ఒకతను దాన్ని లోకం అంచున పారేసి రావడానికి బయలుదేరతాడు. మాలో చాలామంది అడవి పక్క గూడేల నుంచి వచ్చినవాళ్ళమే. అయినా ఆ సినిమాలో ఎవరిని చూసి నవ్వుతున్నామో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది చాలా ఏళ్ళ తర్వాత, 'నాయ్' అనే డాక్యుమెంటరీ చూసినప్పుడు.

ఈ రెండు సినిమాలూ 1980లోనే వచ్చాయి. రెండింట్లోనూ ఉన్నది ఒకే జాతి మనుషులు. ఇప్పటి నమీబియా ఈశాన్యంలో చుమ్‌క్వే అనే ఊళ్ళో కోక్ సీసా సినిమా షూటింగ్ జరుగుతుంటే, ఆ పక్కనే ఇంకో కెమెరా నిలబడి ఆ షూటింగునే చిత్రించింది. తోలుబట్టలు కట్టించి, మళ్ళీ చెయ్యి, ఇంకోసారి చెయ్యి అంటూ ఒకే పనిని పదేపదే చేయించడం అందులో కనిపిస్తుంది. ఆ మనుషులు అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళుగా ప్రభుత్వ శిబిరంలో మొక్కజొన్న పిండి రేషను తింటూ, క్షయతో దగ్గుతూ, సైన్యంలో చేరుతూ బతుకుతున్నారు. సీసా అంటే ఏమిటో వాళ్ళకు బాగా తెలుసు. సారా సీసాలతో కాపురాలు కూలుతున్న రోజులవి.

ఆ రెండో కెమెరా పట్టినవాడు జాన్ మార్షల్. జనం బతుకును పక్కన ఉండి, ఆజ్ఞలు ఇవ్వకుండా, జరుగుతున్నదాన్ని జరుగుతున్నట్టే తీసే డాక్యుమెంటరీ పద్ధతికి తొలి బాట వేసినవాళ్ళలో ఆయన ఒకడు. అయితే ఆయన చరిత్ర మనకు కావలసింది సినిమా కళ కోసం మాత్రమే కాదు. ఒక గిరిజన జాతిని యాభై ఏళ్ళు చిత్రించినవాడు, తను మొదట తీసిన బొమ్మతోనే చివరిదాకా కొట్లాడవలసి వచ్చింది. అది ఎలా జరిగిందో మన పిల్లలకు తెలియాలి. ఈ రోజు ఏ పండక్కి వెళ్ళినా, ఏ జాతరకు వెళ్ళినా మన ముందు పది ఫోన్లు లేస్తున్నాయి కదా.

జాన్ 1932లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి లారెన్స్ రేథియాన్ అనే పెద్ద కంపెనీ స్థాపకుల్లో ఒకడు. 1950లో ఉద్యోగం నుంచి తప్పుకుని, అన్నాళ్ళూ కుటుంబానికి ఇవ్వలేని సమయాన్ని ఇప్పుడు ఇద్దామనుకున్నాడు. కొడుకును తీసుకుని ఆఫ్రికా వెళ్ళాడు. మరుసటి ఏడాది భార్య లోర్నా, కూతురు ఎలిజబెత్, కొడుకు జాన్ అందరూ కలిసి ట్రక్కుల్లో కలహారి లోపలికి, న్యై న్యై అనే ప్రాంతానికి చేరారు. అక్కడ గౌచా అనే నీటిగుంట దగ్గర తోమా అనే పెద్దమనిషి గుంపు ఉండేది. వాళ్ళను బయటివాళ్ళు 'బుష్‌మెన్' అనేవారు. అంటే పొదల మనుషులు. వాళ్ళు మాత్రం తమను జువాసి అనుకుంటారు. ఆ మాటకు అసలు మనుషులు అని అర్థం. గోండులు తమను కోయితూర్ అని చెప్పుకోవడం తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. (వాళ్ళ భాషలో నాలుకతో చిటిక వేసినట్టు పలికే శబ్దాలు కొన్ని ఉన్నాయి. వాటికి తెలుగులో అక్షరాలు లేవు కాబట్టి పేర్లను నోటికి అందినంతలో రాస్తున్నాను.)

ఆ కుటుంబంలో ఒక్కొక్కరూ ఒక్కో పని పంచుకున్నారు. అంతకు ముందు ఆంత్రోపాలజీ చదవని లోర్నా నోటుపుస్తకాలు నింపి, చివరికి జువాసిల గురించి ప్రామాణికమైన గ్రంథాలు రాసింది. ఎలిజబెత్ కూడా వాళ్ళ మీద పేరుపొందిన పుస్తకం రాసింది. జాన్ చేతికి తండ్రి 16 ఎంఎం కెమెరా ఇచ్చాడు. అప్పటికి అతని వయసు పద్దెనిమిది. తండ్రి చెప్పిన పాఠం ఒక్కటే: ఎవరికీ ఏదీ చెయ్యమని చెప్పకు, సినిమా తియ్యకు, వాళ్ళు చేసేది చేస్తున్నట్టుగా రికార్డు చెయ్యి. జువాసిలు ఈ తెల్ల కుటుంబానికి తమ పేర్లు పెట్టారు. వాళ్ళలో ఒకే పేరున్న ఇద్దరు చుట్టాలవుతారు. అంటే పేరు పెట్టడమంటే వరస కలపడమే.

ఇక్కడే ఒక చేదు నిజం చెప్పాలి. మార్షల్ కుటుంబం ట్రక్కులు ఎడారిలో వేసిన జాడలు చెరిగిపోలేదు. ఆ జాడలు పట్టుకుని తెల్ల రైతులు లోపలికి వచ్చి, జువాసిలను తమ పొలాల్లో కూలికి తీసుకుపోయారు. కొందరిని మాయమాటలతో, కొందరిని బలవంతంగా. మేలు కోరి వచ్చినవాళ్ళు వేసిన దారే వాళ్ళకు చేటు తెచ్చింది. జాన్ ఈ సంగతిని దాచిపెట్టలేదు. తర్వాతి సినిమాల్లో తన నోటితోనే చెప్పాడు.

మొదటి పెద్ద సినిమా 'ద హంటర్స్' 1957లో వచ్చింది. నిడివి గంటంపావు. నలుగురు వేటగాళ్ళు ఒక ఆడ జిరాఫీకి విషపు బాణం వేసి, రోజుల తరబడి దాని అడుగుజాడలు పట్టుకుని నడిచి, చివరికి దాన్ని పడగొట్టి, మాంసం మోసుకొచ్చి అందరికీ పంచుతారు. జువాసిల బాణానికి పూసే విషం ఒక రకం పురుగు పిల్లల నుంచి తీస్తారు. అది మెల్లగా ఎక్కుతుంది. పెద్ద జంతువు పడటానికి రోజులు పడుతుంది. అందుకే వాళ్ళ వేటలో బాణం వెయ్యడం కన్నా జాడ చదవడం పెద్ద విద్య. ఏ జాడ ఎప్పటిది, జంతువు కుంటుతోందా, నీళ్ళు తాగిందా, మందలో కలిసిందా అన్నది ఇసుక చూసి చెబుతారు. ఇదంతా అంత దగ్గరగా అంతకు ముందు ఎవరూ చూపలేదు. అమెరికా కాలేజీల్లో తరాల తరబడి విద్యార్థులకు ఈ సినిమా వేశారు.

అయితే అది ఒకే వేట కాదు. వేరువేరు వేటల్లో తీసిన ముక్కలు కలిపి ఒకే కథగా కుట్టారు. పైగా మొత్తం సినిమా మీద జాన్ గొంతే వినిపిస్తుంది. వేటగాడు ఏమనుకుంటున్నాడో, వాడి మనసులో ఏముందో ఆయనే చెప్పేస్తాడు. వాళ్ళ మాట మనకు వినపడదు. ఇంకో లోపం ఇంతకన్నా పెద్దది. జువాసిలు తినే తిండిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళు తవ్వి, ఏరి తెచ్చే దుంపలు, కాయలు, గింజలు. మాంసం దొరికిన రోజు పండగే గాని, రోజూ కడుపు నింపింది మాత్రం తవ్వుకోల. ఆ తవ్వుకోల సినిమాలో పక్కకు పోయింది. మన అడవుల్లో ఏ అమ్మనడిగినా ఈ తప్పు వెంటనే పట్టేస్తుంది. కుర్రతనంలో వేట అంటే మోజుతో తీశానని జాన్ తర్వాత ఒప్పుకున్నాడు. కానీ బొమ్మ అప్పటికే లోకం కళ్ళలో పడిపోయింది. జువాసి అంటే విల్లు పట్టుకుని ఎడారిలో నడిచే మగవాడు.

'ద హంటర్స్' తర్వాత ఆయన తన పద్ధతినే మార్చుకున్నాడు. నన్నడిగితే ఆయన అసలు గొప్పదనం ఇక్కడే ఉంది. దూరం నుంచి తీస్తే మనుషులు నేల మీద కదిలే బొమ్మల్లా కనిపిస్తారనీ, గుండ్రంగా కూర్చున్న జనం మధ్య తనూ ఒకడిగా కూర్చుని తీస్తే చూసేవాడికి కూడా ఆ గుంపులో చోటు దొరుకుతుందనీ గ్రహించాడు. పెద్ద కథలు మానేసి చిన్న సంఘటన ఒకటి తీసుకుని, మొదలు నుంచి చివర దాకా వదలకుండా పట్టాడు. 1950లలో తీసిన రీళ్ళ నుంచే ఇలాంటి పొట్టి సినిమాలు చాలా తయారుచేశాడు. చాలావాటిలో వ్యాఖ్యానం ఉండదు, ఉన్నా చాలా తక్కువ. వాళ్ళ మాటలు వాళ్ళవే, కింద అనువాదం.

'డేబేస్ టాంట్రమ్' అనే దానిలో అయిదేళ్ళ డేబే, తిండి ఏరడానికి వెళ్తున్న తల్లి వెంట పడతానని ఏడుస్తాడు. అక్క దగ్గర ఉండమని తల్లి బతిమాలుతుంది. వాడు వినడు. చివరికి వాడిదే గెలుపు. అంతే సినిమా. కానీ అది చూశాక డేబే ఎవరో ఆదిమ జాతి పిల్లవాడని కాదు, మన పక్కింటి పిల్లవాడే అనిపిస్తాడు. 'ఎ జోకింగ్ రిలేషన్‌షిప్'లో పెళ్ళయిన చిన్నపిల్ల నాయ్, వరసకు తాత అయ్యే తీకాయ్‌తో చెట్టు కింద సరసమాడుతుంది. సరసమాడే వరసలేవో, ఆడకూడని వరసలేవో ఖచ్చితంగా పాటించే మనవాళ్ళకు దీని రుచి వేరే చెప్పక్కర్లేదు. 'ద మీట్ ఫైట్'లో ఒకరు కొట్టిన జంతువును ఇంకో గుంపువాడు కనుక్కుని పంచేస్తాడు. మాంసం ఎవరిదన్నది తగువు. గొంతులు లేస్తాయి, పెద్దలు మధ్యలోకి వస్తారు, దెబ్బలాట దాకా పోకుండా ఆపుతారు. ఇలాంటి కొన్ని సినిమాల్లో జాన్ ఒక మంచి పద్ధతి పెట్టాడు. ముందు నిశ్చల చిత్రాలతో ఎవరెవరో, గొడవ ఎందుకో చెబుతాడు. తర్వాత జరిగినదాన్ని అడ్డు రాకుండా చూపుతాడు. క్లాసులో వాడుకోవడానికి ఇంతకన్నా తేలికైన పద్ధతి లేదు. ఉపాధ్యాయ మిత్రులు మన కులపంచాయితీ ఒకదాన్ని ఫోన్లో తీసి ఇలా చేసి చూడవచ్చు.

1958లో ఆయనకు వీసా నిరాకరించారు. ఆ ప్రాంతం అప్పట్లో నైరుతి ఆఫ్రికా పేరుతో దక్షిణాఫ్రికా తెల్ల ప్రభుత్వం చేతిలో ఉంది. ఇరవై ఏళ్ళ పాటు ఆయన అక్కడ అడుగు పెట్టలేకపోయాడు. ఆ కాలంలో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1966లో మసాచుసెట్స్ రాష్ట్రంలో నేరస్థులైన మానసిక రోగులను ఉంచే బ్రిడ్జ్‌వాటర్ ఆసుపత్రిలో ఫ్రెడరిక్ వైజ్‌మన్‌తో కలిసి 'టిటికట్ ఫాలీస్' తీశాడు. కెమెరా జాన్‌దే. రోగులను బట్టల్లేకుండా నిలబెట్టడం, ముక్కులో గొట్టం పెట్టి బలవంతంగా తిండి పొయ్యడం చూసి జనం నివ్వెరపోయారు. రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకెక్కి దాని ప్రదర్శన ఆపించింది. 1991 దాకా సాధారణ ప్రేక్షకులకు చూపడానికి అనుమతి రాలేదు. తర్వాత పిట్స్‌బర్గ్ పోలీసుల కార్లలో తిరుగుతూ ఇంటి తగాదాలు, వీధి గొడవలు తీశాడు. అవి పోలీసు శిక్షణకు, న్యాయ విద్యార్థుల తరగతులకు పాఠాలయ్యాయి. కలహారిలో నేర్చుకున్న పద్ధతినే సొంత ఊరి మీద పెట్టాడన్నమాట. అడవి మనుషులను మాత్రమే చూడటానికి పనికొచ్చే కళ్ళు కావు అవి. టిమొతీ ఆష్‌తో కలిసి చదువుల కోసం సినిమాలు పంచే డాక్యుమెంటరీ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అనే సంస్థను కూడా ఈ కాలంలోనే నెలకొల్పాడు.

1978లో మళ్ళీ వెళ్ళేసరికి తనకు తెలిసిన గౌచా లేదు. 1959 చివర్లో చుమ్‌క్వేలో ప్రభుత్వం పాలనా కేంద్రం పెట్టి, సాగు నేర్పుతాం, వైద్యం చేస్తాం, పని ఇస్తాం అని జువాసిలను అక్కడికి రప్పించింది. 1970లో 'బుష్‌మన్‌ల్యాండ్' అని గీత గీసింది. వినడానికి వాళ్ళ పేరు మీద రాజ్యం ఇచ్చినట్టుంటుంది. నిజానికి వాళ్ళు తరతరాలుగా తిరిగిన నేలలో చాలా భాగం ఆ గీతకు అవతలకు పోయింది. ఉత్తరాన కొంత అభయారణ్యం, ఇంకొంత ఇతరులకు. మిగిలిన చోట ఇంతమంది వేటాడి, ఏరుకుని బతకలేరు. అందరూ ఒకచోట కుప్పపడ్డారు. కూలి ఉన్నవాడికి, లేనివాడికి మధ్య పంచుకోవడం తెగిపోయింది. సైన్యం వచ్చి జీతాలు చూపి కుర్రాళ్ళను చేర్చుకుంది. చుమ్‌క్వేను జువాసిలే చావు చోటు అనేవారు.

'నాయ్' సినిమాలో ఇదంతా ఒక ఆడమనిషి నోట వింటాం. తాతతో సరసమాడిన ఆ చిన్నపిల్లే ఇప్పుడు నడివయసు తల్లి. పాత రీళ్ళలోని తన బాల్యం, ఇప్పటి ముఖం ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. గుంపు తిండి కోసం ఎలా తిరిగేదో, ఇష్టం లేని పెళ్ళి ఎలా చేశారో, ఇప్పుడు సినిమావాళ్ళిచ్చే డబ్బు వల్ల చుట్టాలు తనను ఎలా ఆడిపోసుకుంటున్నారో ఆమే చెబుతుంది. కెమెరా ముందు నిలబడ్డందుకు కూడా ఒక మనిషి మూల్యం చెల్లిస్తుందని అంత సూటిగా చూపిన సినిమా ఇంకొకటి నేను చూడలేదు. 'ద హంటర్స్' తీసినవాడు ఇరవై ఏళ్ళ తర్వాత కథను ఆడమనిషికి అప్పగించడం కూడా గమనించాలి.

ఆ తర్వాత జాన్ కెమెరా కింద పెట్టాడని అనలేం గాని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చేత్తో పార పట్టాడు. 1980ల మొదట్లో క్లెయిర్ రిచీతో కలిసి జువాసిల స్థితిగతులు సర్వే చేసి, వాళ్ళ కోసం ఒక ఫౌండేషన్ పెట్టాడు. జువాసిలకు నోరే అని ఉంటుంది. ప్రతి గుంపుకూ తల్లిదండ్రుల నుంచి సంక్రమించే సొంత నేల, దాని నీరు. తోమా కుటుంబం చుమ్‌క్వే వదిలి గౌచాలో తమ నోరేకు తిరిగి వెళ్ళింది. ఒకరి వెనక ఒకరు ఇతర గుంపులూ కదిలాయి. బోర్లు వేశారు, కొద్దిపాటి పశువులు తెచ్చారు, తోటలు వేశారు. ఏనుగులు వచ్చి పంపులు విరగ్గొట్టేవి, సింహాలు పశువులను ఎత్తుకుపోయేవి. అయినా నిలబడ్డారు. 1986లో సొంత రైతు సంఘం పెట్టుకున్నారు. తోమా కొడుకు సమ్‌కావ్ దానికి నాయకుడు.

సరిగ్గా అప్పుడే ఆ నేలను వన్యమృగాల రక్షణ కేంద్రంగా ప్రకటించాలని ప్రభుత్వం తలపెట్టింది. అందులో కొంతమంది జువాసిలు ఉండవచ్చు, కానీ పాత పద్ధతిలోనే బతకాలి. విల్లంబులతో వేటాడుతూ టూరిస్టులకు కనిపించాలి. ఆవులు, బోర్లు, పొలాలు కుదరవు. జాన్ ఎదురు తిరిగాడు. సభలకు తిరిగాడు, పత్రికలకు రాశాడు, పాత సినిమాలే సాక్ష్యంగా చూపాడు. ఆ ప్రతిపాదన ఆగింది. 1990 మార్చి 21న నమీబియా స్వతంత్రమైంది. మరుసటి ఏడాది విండ్‌హుక్‌లో జరిగిన జాతీయ భూమి సమావేశంలో జువాసి ప్రతినిధులు తమ నోరేల గురించి తమ భాషలో మాట్లాడారు.

ఇది ఇక్కడితో ముగిసుంటే మంచి కథే. 2002లో వచ్చిన ఆయన చివరి పెద్ద పని 'ఎ కలహారి ఫ్యామిలీ' అలా ముగియదు. అయిదు భాగాలు, సుమారు ఆరు గంటలు. 1951 నుంచి 2000 దాకా ఒకే కుటుంబం. చివరి భాగం పేరు 'డెత్ బై మిత్', కట్టుకథ వల్ల చావు. స్వాతంత్ర్యం తర్వాత కూడా సాయం చెయ్యడానికి వచ్చిన నిపుణులు, దాతలు జువాసిలంటే పుట్టు వేటగాళ్ళనీ, సాగు వాళ్ళ రక్తంలో లేదనీ నమ్మారనీ, అందుకే డబ్బు జనం పొలాలకు కాక జంతువుల వైపు పోయిందనీ ఆయన వాదన. 1998లో న్యై న్యై, నమీబియాలో ప్రజలే నడిపే మొట్టమొదటి కన్సర్వెన్సీగా నమోదయింది. దాని వల్ల జువాసిలకు తమ నేల మీది జంతువులపై హక్కు, కొంత ఆదాయం, మాంసం వచ్చాయని సమర్థించేవాళ్ళు అంటారు. అది అబద్ధం కాదు. జాన్ కోపం కొన్నిచోట్ల తూకం తప్పిందని నాకూ అనిపిస్తుంది. కానీ నల్లమలలో పులుల కోసం చెంచులను కదలమంటున్న మాటలు వింటూ ఆ అయిదో భాగం చూస్తే, ఆయన కోపానికి కారణం వెతుక్కోనవసరం లేదు.

విమర్శకులు ఇంకో ప్రశ్న వేస్తారు. పక్కన నిలబడి చూసేవాడు కదా, బోర్లు వేసేవాడిగా, వాదించేవాడిగా సినిమాలోకి తనే ఎందుకు దిగాడు? చూడటం అనే ధర్మం తప్పాడు కదా? జువాసిల వైపు నుంచి అడిగితే ప్రశ్న తిరగబడుతుంది. పేరు పెట్టి వరస కలిపినవాడు, చుట్టాలు చస్తుంటే కెమెరా వెనక ఎంతసేపు నిలబడగలడు?

మన దగ్గర కూడా ఇలాంటి కెమెరా ఒకటి తిరిగింది. హైమండార్ఫ్ 1940లలో హైదరాబాదు రాజ్యంలోని చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య తిరిగి ఫొటోలు, 16 ఎంఎం రీళ్ళు తీశాడు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు ఆయన పూనుకున్న సంగతి మనవాళ్ళకు తెలిసిందే. ఆ చిత్రాలు లండన్‌లోని సోయస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిలో ఉన్నవాళ్ళ మనవలు మన మధ్య ఉన్నారు. ఏ బొమ్మలో ఎవరున్నారో చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

జాన్ మార్షల్ 2005 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆయన కుటుంబం తీసిన 700 గంటలకు పైబడిన ఫిల్ము, వీడియో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో భద్రంగా ఉంది. 2009లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. అటు న్యై న్యైలో 1990ల నుంచి పల్లెల్లోనే జువాసి భాషలో బడులు నడిచాయి, పాట్రిక్ డికెన్స్ వాళ్ళ భాషకు లిపి పద్ధతి, నిఘంటువు తయారుచేశాడు. ఆ చదువుతో రాయడం వచ్చిన జువాసి యువకులు చుమ్‌క్వేలో కంప్యూటర్ల ముందు కూర్చుని, తమ తాతల నాటి రికార్డులు వింటూ, ఒక్కొక్క మాటనూ తమ భాషలో రాసుకుంటూ వచ్చారు.